భయం ఎవరిది? – యండమూరి నవలలు, సినిమాల మీద ఆలస్యంగా ఒక మాట

క్షుద్ర సాహిత్యం అనే మాట మన విమర్శలో స్థిరపడి నలభై ఏళ్ళు దాటింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడిన 1980ల తొలి సంవత్సరాల్లో ఆ మాట విరివిగా వాడుకలోకి వచ్చింది. చేతబడి, శ్మశానం, మాంత్రికుడు వస్తువుగా వచ్చిన నవలలన్నిటినీ మనం ఆ ఒక్క మాటతో మూటగట్టి గోడ అవతల పారేశాం. ఆ మూట కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పట్లో మాచర్ల వైపు ఒక పల్లెలో బడిపంతుల్ని. నరసరావుపేటలో జరిగిన ఒక సాహిత్య సభకు వెళ్ళి ఆ నవల మీద పత్రం చదివాను. మూఢనమ్మకాలను పెంచుతున్నదన్నాను, పాలకవర్గాలకు మేలు చేస్తున్నదన్నాను, యువతరాన్ని పోరాటాల నుంచి పక్కదారి పట్టిస్తున్నదన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

సభ అయ్యాక ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. హాస్టల్లో వుండి ఇంటర్ చదువుతున్నవాడు. "మాస్టారూ, ఆ పుస్తకం చదివినప్పుడు మీకు భయం వేసిందా?" అని అడిగాడు. "లేదు బాబూ, అలాంటి రాతలకు భయపడేది అవగాహన లేనివాళ్ళు" అన్నాను.

అది అబద్ధం. వారపత్రికలోంచి కాగితాలు చించి, వరసగా పేర్చి, దారంతో కుట్టిన సీరియల్ ప్రతిని ఒక మిత్రుడి దగ్గర తీసుకుని, కరెంటు పోతే కిరసనాయిలు దీపం పెట్టుకుని ఒక్క రాత్రిలో పూర్తి చేసినవాణ్ణి నేను. తెల్లవారేదాకా పెరట్లోకి వెళ్ళడానికి సాహసించలేదు. ఆ సంగతి దాచిపెట్టి రాసిన పత్రం విమర్శ ఎలా అవుతుంది? పుస్తకం తన మీద చేసిన పనిని ఒప్పుకోని విమర్శకుడు ఆ పుస్తకాన్ని అర్థం చేసుకోలేడు. ఈ వ్యాసం ఆ కుర్రాడికి నేను బాకీపడిన జవాబు.

ముందు రచయిత గురించి నాలుగు మాటలు. యండమూరి 1948 నవంబరు 14న తూర్పు గోదావరి జిల్లా రాజోలులో పుట్టారు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి ఆర్థిక సంస్థల్లో, బ్యాంకులో ఉద్యోగం చేశారు. తరవాత రచననే వృత్తిగా తీసుకున్నారు. నవలాకారుడుగా పేరు రాకముందే ఆయన నాటకకర్త. 'కుక్క', 'రఘుపతి రాఘవ రాజారామ్' వంటివి ఆయన నాటకాలు. గుంటూరు జిల్లాలో పరిషత్తు నాటకం ఆడని పట్టణం అరుదు కనుక, ఆయన పేరు మావాళ్ళలో కొందరికి వారపత్రిక కంటే ముందు రంగస్థలం మీద నుంచే తెలిసి వుంటుంది. ఈ వివరం ముఖ్యమని ఎందుకంటున్నానంటే, ఎక్కడ తెర దించాలో, ఏ మాట దగ్గర ప్రేక్షకుడి ఊపిరి ఆగుతుందో ఆయన నాటకంలోనే నేర్చుకున్నారు. "వచ్చేవారం" అన్న మాట దగ్గర పాఠకుణ్ణి ఏడు రోజులు నిలబెట్టగల విద్య ఆ అనుభవం లేకుండా అబ్బేది కాదు.

'తులసిదళం', దానికి కొనసాగింపుగా 'తులసి'. ఈ రెండూ ఆయనకు అపారమైన పాఠకులను తెచ్చిపెట్టాయి. అద్దె పుస్తకాల షాపుల్లో ఈ పుస్తకాల కోసం జనం ముందుగా పేర్లు రాయించుకునేవాళ్ళు. వాటి వెంటే సినిమా వచ్చింది. 1983లో 'అభిలాష', 1984లో 'డబ్బు టు ది పవరాఫ్ డబ్బు' నవల ఆధారంగా 'ఛాలెంజ్', 1986లో 'రాక్షసుడు', 1988లో 'మరణ మృదంగం' చిరంజీవి కథానాయకుడుగా, కోదండరామిరెడ్డి దర్శకత్వంలో వచ్చాయి. 1986లోనే 'కాష్మోరా' సినిమా కూడా వచ్చింది. 'తులసిదళం' సైతం తెరకెక్కింది. 1990లో 'అగ్నిప్రవేశం', 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' చిత్రాలకు ఆయనే దర్శకత్వం వహించారు. ఆ తరవాత వ్యక్తిత్వ వికాస గ్రంథాలు. వాటిలో 'విజయానికి ఐదు మెట్లు' తెలియని తెలుగు విద్యార్థి ఒక తరంలో అరుదు. భయంతో మొదలై విజయం దాకా సాగిన జీవితం అది. ఈ రెండిటికీ వున్న సంబంధాన్ని చివర్లో చూద్దాం.

భయాన్ని వస్తువుగా తీసుకున్న నవలను మనం ఆకాశంలోంచి ఊడిపడిన దుర్మార్గంగా చూశాం. దానికొక చరిత్ర వుందన్న సంగతి పట్టించుకోలేదు. ఇంగ్లీషులో దీన్ని గోథిక్ నవల అంటారు. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన 'ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'తో అది మొదలైందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. పాడుబడిన కోట, వంశానికి తగిలిన శాపం, చచ్చిపోయినవాళ్ళ నీడలు అందులో వున్నాయి. కాని ఆ నీడల వెనక వున్నది ఆస్తి. అసలు వారసుడికి దక్కవలసిన కోటను అన్యాయంగా ఆక్రమించుకున్న కుటుంబం కథ అది. దెయ్యం అక్కడ లెక్క అడగడానికి వస్తుంది. తరవాత ఆన్ రాడ్‌క్లిఫ్ వంటి రచయిత్రులు మరొక పద్ధతి తెచ్చారు. కథంతా పాఠకుణ్ణి భయపెట్టి, చివరికి ఇదంతా మనుషులు చేసిన పనే, ఇందులో దెయ్యమేమీ లేదని విప్పిచెప్పారు. భూస్వామ్యం కూలిపోతూ కొత్త వర్గం పైకి వస్తున్న కాలంలో, పాత కోటల పట్ల ఆ కొత్త వర్గానికి వున్న భయాన్నీ మోహాన్నీ కలిపి చెప్పిన సాహిత్యం ఇది. దీన్ని చదవడానికి మన దగ్గర పనిముట్లు లేక కాదు. వాటిని బయటికి తీయలేదు, అంతే.

ఆ పనిముట్లతో ఇప్పుడు 'తులసిదళం' చూద్దాం. ఒక పసిపిల్ల పేర పెద్ద ఆస్తి వస్తుంది. ఆ పిల్ల బతికి వుంటే ఆస్తి తమకు దక్కదనుకున్నవాళ్ళు మాంత్రికుణ్ణి ఆశ్రయిస్తారు. పిల్ల చిక్కిశల్యమవుతుంది. తండ్రి ఒకవైపు వైద్యం, ఇంకోవైపు హిప్నాటిజం, మరోవైపు మంత్రం, ఏది దొరికితే అది పట్టుకుని పరుగెడతాడు. ఇక్కడ ఒక్క సంగతి మనం గమనించలేదు. ఈ కథలో చెడు మొదలైంది దెయ్యంతో కాదు, వీలునామాతో. కాష్మోరా కంటే ముందు డబ్బు వుంది. పిల్లను చంపుతున్నది ఏమిటని అడిగితే, నవల ఇచ్చే మొదటి జవాబు ఆస్తి అనే. వర్గదృష్టి గల విమర్శకుడు ఎగిరి పట్టుకోవలసిన కొస ఇది. నా పత్రంలో దీని మీద ఒక్క వాక్యం లేదు.

ఇక చివరికి వస్తే, పిల్ల బతకడానికి కారణం వైద్యమా, మంత్రమా అన్నది నవల తేల్చదు. శాస్త్రాన్ని నమ్మేవాడు ఒక విధంగానూ, మంత్రాన్ని నమ్మేవాడు మరో విధంగానూ అర్థం చేసుకునే వీలుంది. మనం దీన్ని గోడమీద పిల్లివాటం అన్నాం. రంగనాయకమ్మ అయితే 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అనే పేరుతోనే సుదీర్ఘమైన విమర్శ రాశారు. చేతబడికి శాస్త్రంతో సమానమైన పీట వేయడమే అసలు మోసం అన్నది మనందరి అభ్యంతరం. ఆ అభ్యంతరం నాకు ఇప్పటికీ సరైనదే. యండమూరి చదువుకున్న చదువు ప్రకారం ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు రెండు వైపులా సరిపోవాలి. ఈ నవల ముగింపు అలాంటి ఖాతాయే. శాస్త్రం వైపు ఎంత రాశారో మంత్రం వైపూ అంతే రాసి గీత గీశారు. ఏ పాఠకుడూ బాధపడడు, ఏ పాఠకుడూ మారడు.

దీన్ని మరొక పుస్తకంతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ 1971లో 'ది ఎక్సార్సిస్ట్' నవల రాశాడు. 1973లో విలియం ఫ్రీడ్కిన్ దాన్ని సినిమాగా తీస్తే స్క్రీన్‌ప్లే కూడా బ్లాటీయే రాసి ఆస్కార్ అందుకున్నాడు. అక్కడా వున్నవాళ్ళ ఇంట్లో పిల్లే. సినిమా తార కూతురు. డాక్టర్లు చేతులెత్తేస్తారు, చివరికి మతగురువు వస్తాడు. బ్లాటీ తన పక్షం దాచుకోలేదు. దేవుడున్నాడని చెప్పడానికే రాశాడు. ఆ పక్షంతో మనం పోట్లాడవచ్చు. యండమూరితో పోట్లాడబోతే ఆయన "నేనలా అనలేదే" అనగలరు. ఆ వెసులుబాటు ఆయన నవలకు వ్యాపార బలం, ఆలోచనాపరంగా బలహీనత.

అయితే ఇక్కడిదాకా మనం చేసిన విమర్శలో ఒక పెద్ద పొరపాటు వుంది. నవల మూఢనమ్మకాన్ని సృష్టించిందన్నాం. పల్నాటి పల్లెల్లో బతికిన నాకు అది నిజం కాదని తెలుసు. వారపత్రిక మా వూరు చేరకముందే చేతబడి మా వూళ్ళో వుంది. అక్షరం రానివాళ్ళలో వుంది, అక్షరం వచ్చినవాళ్ళలోనూ వుంది. మా వూళ్ళో ఎవరూ దాన్ని యండమూరి దగ్గర నేర్చుకోలేదు.

అసలు తేడా మరొకచోట వుంది. అది చెప్పాలంటే నేను ఆ పత్రం రాస్తున్న నెలలో మా వూళ్ళో జరిగింది చెప్పాలి.

వూరి చివర ఒక ముసలామె ఒంటరిగా వుండేది. భర్త పోయాడు, కూతురు దూరాన అత్తవారింట వుంది. మిరపకోతలకు, పత్తితీతలకు పోయి బతికేది. ఆ ఏడు వానల తరవాత వూళ్ళో జ్వరాలు వచ్చాయి. ఒకే వీధిలో ఇద్దరు పిల్లలు పోయారు. ఆ పిల్లల్లో ఒకడికి ఆమె రెండు రోజుల ముందు జామకాయ ఇచ్చిందట. అంతే. ఆ మాట వీధి దాటి వూరంతా పాకింది. బావి దగ్గర ఆమె బిందె పక్కకు నెట్టేశారు. కూలికి పిలవడం మానేశారు. ఒక రాత్రి ఆమె పాక కంచె పీకి పారేశారు. కొట్టడం దాకా పోలేదు, అదే గొప్ప అనుకోవాలి. వారం తిరక్కముందే ఆమె మూట నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నాకు ఇదంతా తెలుసు. ఆమె పాక ముందు నుంచే రోజూ బడికి వెళ్ళేవాణ్ణి. నేను ఆ నెలంతా మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పత్రం రాస్తూ కూచున్నాను. "ఏమ్మా, ఎలా వున్నావు?" అని ఒక్కసారి ఆ గడపలోకి వెళ్ళలేదు. వూరి వాళ్ళతో పేచీ ఎందుకనుకున్నాను. క్షుద్ర సాహిత్యం అని నేను రాసిన మాటకు ఆ పాక ముందు ఏం విలువ వుంది?

ఆ ముసలామెను గుర్తు చేసుకుని ఇప్పుడు 'తులసిదళం' తెరిస్తే, ఆ నవలలో భయం ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు ప్రవహిస్తున్నదో కనిపిస్తుంది. నవలలో ప్రమాదం వున్నది చదువుకున్న ఉద్యోగి ఇంటి బిడ్డకు. ప్రమాదం తెచ్చేవాడు ఎక్కడో దూరాన, అడవి అంచున, నాగరికత చేరని చోట బతికే మాంత్రికుడు. మన వూళ్ళలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ ప్రాణం పోయేది మాంత్రికుడని పేరు పడ్డవాడిది. మెదక్ ప్రాంతంలో బాణామతి పేరుతో 1980లలో మనుషుల మీద దాడులు జరిగాయి. అనుమానం వచ్చినవాళ్ళ పళ్ళు రాలగొట్టారు, కొందరిని చంపారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట! బాధితుల్లో ఎక్కువమంది పేదలు, ఒంటరివాళ్ళు, వూరి చివరివాళ్ళు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు వూరూరా తిరిగి నిప్పుల మీద నడిచి, నిమ్మకాయలో రక్తం చూపించి, ఇందులో మాయ లేదని చెప్పవలసి వచ్చింది. మహారాష్ట్రలో ఇదే పని చేసిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. ఆయన ఏళ్ళ తరబడి అడిగిన చట్టం ఆయన పోయాక, ఆ ఏడాదే వచ్చింది.

కనుక యండమూరి భయానక నవలల మీద నా అభియోగం ఇప్పుడు వేరు. ఆయన లేని దెయ్యాన్ని సృష్టించలేదు. వున్న భయాన్ని తీసుకుని దాని యజమానిని మార్చారు. వూరి చివరి పాకలో వణుకుతున్న ముసలిదాని భయాన్ని తీసి, పట్నంలో తలుపులు వేసుకున్న ఇంటికి ఇచ్చారు. వీలునామా దగ్గర సరిగ్గా మొదలైన కథ, ఆస్తి కోసం పిల్లను చంపించబోయిన పెద్దమనుషులను వెనక్కి నెట్టి, కూలికి మంత్రం వేసేవాణ్ణి ముందుకు తెచ్చింది. రాత్రంతా నన్ను వణికించింది ఆ పెద్దమనుషులు కారు, ఆ అడవి మనిషి. ఇది ఆయన ఒక్కరి తప్పు అనడం లేదు. 2008లో రాంగోపాల్ వర్మ హిందీలో తీసిన 'ఫూంక్' చూడండి. అక్కడా చేతబడికి గురైంది ఒక ఇంజనీరు కూతురే. దేవుణ్ణి నమ్మని ఆ తండ్రి సైతం చివరికి మంత్రగాడి గుమ్మం ఎక్కుతాడు. పాతికేళ్ళు దాటినా భయం ఇల్లు మారలేదు.

చనిపోయినవాళ్ళు తిరిగి రావడం అనే భావన తప్పనిసరిగా ఇలాగే వుండాలా? పల్నాడులో పుట్టినవాణ్ణి కనుక నాకు మరొక పద్ధతి తెలుసు. కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్ళండి. నాగులేటి ఒడ్డున వీర్ల గుడి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులు. ఎప్పుడో 12వ శతాబ్దంలో సవతి అన్నదమ్ములు రాజ్యం కోసం కొట్టుకుని చచ్చిన యుద్ధంలో నేలకూలిన వీరులను ఏటేటా పిలుస్తారు. ఎక్కడెక్కడి వూళ్ళ నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలను, కొణతాలను నెత్తిన పెట్టుకుని వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. మందపోరు నాడు కులం చూడకుండా కలిసి తినే చాపకూడు వుంటుంది. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూచుని ఆ జాతర చూశాను. పూనకం వచ్చిన మనుషులను చూసి ఏడ్చాను కూడా. కాని ఇంటికి వచ్చాక నిద్ర పట్టకపోవడమంటూ లేదు.

కారణం ఇప్పుడు అర్థమవుతున్నది. కారెంపూడిలో చచ్చినవాళ్ళు నలుగురి మధ్యకు వస్తారు. వాళ్ళెందుకు చచ్చారో అందరికీ తెలుసు. కోడిపందెం నెపం, రాజ్యం అసలు కారణం. ఆ కథను పాటగా పాడి, దుఃఖాన్ని వూరంతా పంచుకుంటుంది. ఆ ఆచారాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. అందులోనూ బలి వుంది, నెత్తురు వుంది, భూస్వామ్య యుగం గర్వం వుంది. నా మాటల్లా ఒక్కటే. అక్కడ భయం సమష్టిది, దానికి కారణం బహిరంగం. వారపత్రిక నవలలో భయం ఒక ఇంటిది, ఒక గదిది, దీపం కింద ఒంటరిగా చదివే ఒక్క పాఠకుడిది. ఆ పాఠకుడు తన భయాన్ని పక్కవాడితో పంచుకోడు. నేను ఆ కుర్రాడి దగ్గర దాచినట్టు దాచుకుంటాడు.

ఇక సినిమా. యండమూరి రచయితగా తెర మీద స్థిరపడింది భయానక కథలతో కాకపోవడం ఆలోచించదగ్గది. చేతబడి కథల కంటే 'అభిలాష', 'ఛాలెంజ్' వంటివే ఆయనకు సినిమా రచయితగా గట్టి పునాది వేశాయి. దీనికి నాకు తోచిన కారణం ఇది. కాగితం మీద రెండు అర్థాలు పక్కపక్కన నిలుస్తాయి. పిల్ల శరీరం మీద మచ్చ లేచిందని రాస్తే, అది రోగమా ప్రయోగమా అని పాఠకుడు తనలో తాను తర్కించుకుంటాడు. ఆ తర్కమే భయం. కెమెరాకు ఆ సౌకర్యం తక్కువ. బొమ్మ కదిలిందా లేదా చూపించాలి. చూపించాక అనుమానం చచ్చిపోతుంది, అనుమానంతో పాటు భయమూ చచ్చిపోతుంది, మిగిలేది పసుపు, కుంకుమ, పొగ.

'అభిలాష' సంగతి వేరు. ఉరిశిక్ష రద్దు కావాలని కోరే ఒక యువ న్యాయవాది, నిర్దోషిని కూడా ఉరికంబం ఎక్కించవచ్చని నిరూపించడానికి, చేయని హత్యకు సాక్ష్యాలు తానే తన మీదికి తెచ్చుకుంటాడు. పథకం తలకిందులవుతుంది, వేసుకున్న ఉచ్చు నిజంగానే బిగుసుకుంటుంది. ఇందులో దెయ్యం లేదు. కాని యండమూరి రాసిన వాటిలో నన్ను నిజంగా భయపెట్టినది ఏదని ఇవాళ అడిగితే ఇదే చెబుతాను. పాతకాలపు కోటకు బదులు ఇక్కడ జైలు గది వుంది. శాపానికి బదులు సెక్షన్ 302 వుంది. మంత్రగాడికి బదులు కాగితాలు, సాక్షులు, సంతకాలు వున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ భయం నిందితుడిది. పాఠకుణ్ణి తీసుకెళ్ళి నిందపడ్డవాడి చోట నిలబెట్టారు. 'తులసిదళం'లో చేయని పని ఇందులో చేశారు.

ఆ కథకు చుట్టూ వున్న కాలాన్ని గుర్తు చేసుకోండి. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతు బిడ్డలను అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఉరి తీశారు. 1980లో సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని, అయితే అత్యంత అరుదైన సందర్భాల్లోనే వేయాలని తీర్పు చెప్పింది. ఆ గాలిలో వచ్చిన కథ అది. సినిమాగా 'అభిలాష'లో పాటలున్నాయి, ఫైట్లున్నాయి, ఒక కథానాయకుడి తెలివితేటల ప్రదర్శన వుంది. నిందితుడు పేదవాడు కాడు, చదువుకున్న లాయరు, తానుగా కోరి ఆ చోటికి వెళ్ళినవాడు. ఈ పరిమితులు చిన్నవి కావు. అయినా ఉరిశిక్ష గురించిన ప్రశ్నను నేల టిక్కెట్టు ప్రేక్షకుడి దాకా తీసుకెళ్ళిన తెలుగు సినిమా అది. మన పత్రాలు అంతదూరం వెళ్ళలేదు.

ఆ ప్రశ్న పదేళ్ళకు మా గడపలోకే వచ్చింది. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది ప్రయాణికులు చనిపోయారు. దోపిడీకి వచ్చి పెట్రోలు పోసి నిప్పు పెట్టిన కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. పోయిన ప్రాణాల దుఃఖం మామూలుది కాదు. మా ప్రాంతంలో ఆ రోజుల్లో ఉరి వద్దన్నవాణ్ణి మనిషిగా చూసేవాళ్ళు తక్కువ. అయినా రచయితలు, హక్కుల సంఘాలవాళ్ళు సంతకాలు సేకరించారు. 1998లో రాష్ట్రపతి ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. నేనూ సంతకాల కాగితం పట్టుకుని నరసరావుపేటలో తిరిగాను. ఒక టీకొట్టు దగ్గర ఆటో నడిపే కుర్రాడొకడు కాగితం చదివి, "అభిలాష సినిమాలో లాగానా సార్?" అన్నాడు. అన్నీ అలాగే కాదని, వీళ్ళు సినిమాలో లాగా అమాయకులని నిరూపించడం కాదు మన పని, చంపడం రాజ్యం పని కాకూడదన్నది మన మాటని చెప్పాను. విన్నాడు, సంతకం పెట్టాడు. నేను క్షుద్రం అని గోడ అవతల పారేసిన రచయిత నా కంటే ముందే ఆ కుర్రాడి దగ్గరకు వెళ్ళి వచ్చాడు.

ఇక భయానికీ విజయానికీ వున్న సంబంధం. 'ఛాలెంజ్'లో నిరుద్యోగి అయిదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కడతాడు. అక్కడి నుంచి వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు దారి తిన్నగానే వుంది. బిడ్డకు ఏమవుతుందోనన్న భయం, ఎలాగైనా పైకి రావాలన్న ఆశ, ఈ రెండూ ఒకే ఇంటివి. వూరు వదిలి పట్నం చేరి, ఇంకా కుదురుకోని మధ్యతరగతి ఇల్లు అది. వెనక వదిలేసి వచ్చిన వూరు తనను వెంటాడుతుందని దానికి భయం, ముందున్న మెట్లు ఎక్కలేనేమోనని బెంగ. యండమూరి ఆ ఇంటిని ఎంత బాగా ఎరుగుదురంటే, భయాన్నీ మందునూ ఒకే చేత్తో అందించారు. ఆ ఇంటి గోడ అవతల ఏముందో మాత్రం చాలావరకు ఆయన పట్టించుకోలేదు. 'అభిలాష'లో ఒక్కసారి కిటికీ తెరిచారు. అందుకే నాకు ఆ రచన మీద గౌరవం. తెరవగలిగినవాడు మళ్ళీ మూసుకున్నాడే అన్నది నా ఫిర్యాదు.

మన విమర్శ మీదా నాకు ఫిర్యాదు వుంది. భయాన్ని సాహిత్య వస్తువుగా మనం ఆయనకూ ఆయన తరవాతి వాళ్ళకూ వదిలేశాం. పెత్తందారు ఇంటి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాడి భయం, ఠాణాలో రాత్రి గడిపినవాడి భయం, ముఠా గొడవల్లో నాటుబాంబులు పేలిన పల్నాటి వూళ్ళలో తలుపు గడియ వేసుకుని కూచున్న ఆడవాళ్ళ భయం, బావి దగ్గర బిందె నెట్టేయించుకున్న ముసలిదాని భయం. వీటిని పాఠకుడు రాత్రంతా నిద్రపోకుండా చదివేలా రాసినవాళ్ళు మనలో ఎందరు? నినాదం రాశాం, తీర్మానం రాశాం. ఆ ముసలామె గుండె ఆ రాత్రి ఎలా కొట్టుకుందో రాయలేదు. ఉత్కంఠ వ్యాపార రచయితల సొత్తు అనుకున్నాం. ఉత్కంఠ ఎవరి సొత్తూ కాదు. ఎవరి పక్షాన ఉత్కంఠ అన్నదే ప్రశ్న.

ఆ హాస్టలు కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. వుంటే అరవై దాటి వుంటాడు. అతనికి నా జవాబు ఇది. అవును బాబూ, భయం వేసింది. రాత్రంతా భయపడ్డాను. తెల్లవారాక బడికి వెళుతూ వూరి చివరి పాక ముందు నుంచి నడిచాను. ఆ పాకలో నాకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి వుంది. పుస్తకం నాకు ఆమెను చూపించలేదు. నేనూ చూడలేదు.